కేరల్స్ జాబితాలో లేని ఇల్లు

మొన్నటి క్రిస్మస్‌కి మా గుమాస్తాకి వారం రోజులు సెలవిచ్చానని చిమిండైంగ్ బజారులో అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. ఇచ్చింది ఒక్క పూట. అదీ మూడుసార్లు అడిగించుకుని.

చౌక్తడాలో నాది ఓడసరుకుల కాగితాలు చూసే ఆఫీసు. ఆఫీసంటే రెండు బల్లలు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను నా వైపే తిరిగి ఉంటుంది. గుమాస్తా మా తెలుగు బాప్టిస్టు చర్చివాడే, నలభై దాటినవాడు. ఇక్కడి బర్మీయుల అలవాటుగా నన్ను ‘సాయా’ అంటాడు, అయ్యగారూ అన్నట్టు. డిసెంబరులో ఇంటింటికీ తిరిగి కేరల్స్, అంటే క్రిస్మస్ పాటలు, పాడే బృందం ఏ సాయంత్రం ఏ ఇంటికి వెళ్లాలో జాబితా రాసేది అతనే. వచ్చినవాళ్లకు టీ, కేకు పెట్టి పంపడం మాలో ఆనవాయితీ. నా భార్య చనిపోయాక వచ్చిన మొదటి డిసెంబరులో, అంతమందికి టీ ఎవడు కాస్తాడని, మా ఇల్లు తీసేయమన్నాను. తీసేశాడు.

ఆరేళ్లయింది. ఈసారి వాళ్లు రావాలని నాకు మహా ఆశ. నోరు తెరిచి అడగడానికి నామోషీ. అందుకే సెలవివ్వకుండా నాన్చాను. ఎదురుగా కూర్చుని ఉంటే, మీ ఇంటికి రమ్మంటారా అని తనే అడుగుతాడేమోనని.

మూడోసారి సెలవడిగినప్పుడు అన్నాను, “ఏటోయ్, నువ్వు లేకపోతే పాటలకి గొంతులు లేవా?”

“గొంతులున్నాయి సాయా. పిల్లలకి ఇళ్లు తెలీవు.”

“ఫోన్లో దారి సూసుకోలేరా?”

“నెట్టు ఉంటే కదా.”

“మా ఈదికొస్తన్నారేటి?”

“వొస్తన్నాం. మీ కిందింటికి.”

“కిందింటికా! మెట్లెక్కితే మోకాళ్లు అరిగిపోతాయా మీ వోళ్లకి?”

అతను నవ్వాడు. “మీరే కదా వొద్దన్నారు. మల్లీ రమ్మంటే రాస్తాను సాయా.”

జేబులోంచి జాబితా తీసి, పెన్ను పట్టుకుని ఆగాడు. ఊఁ అంటే చాలు.

“టీపొడి ధర ఎంతుందో తెలుసా నీకు? పో, మద్దేనం నుంచి పో,” అన్నాను.

ఆ సాయంత్రం కేకు తెచ్చాను. ఇరవై కప్పులు కడిగి పెట్టాను. ఇరవై అన్నానా? ఇంట్లో ఉన్నవి ఎనిమిదే. తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాను. కింద మూడు పాటలు పాడారు. రెండోది నా భార్య పాడేది. తరవాత చెప్పుల చప్పుడు మెట్ల దగ్గర కాస్త ఆగి, వీధిలోకి వెళ్లిపోయింది.

పండగ మర్నాడు ఆఫీసులో అతను అడిగాడు, “పండగ బాగా అయిందా సాయా?”

“ఓ! ఇల్లు పట్టలేదనుకో. ముప్పై మంది వొచ్చి పాడి ఎల్లారు.”

మా కిందింట్లో నిలబడి పాడినవాళ్లలో తనూ ఉన్నాడు. కాసేపు నా వైపు చూసి, “మంచిది సాయా,” అని కాగితాల్లోకి తల దించుకున్నాడు.