పసుపు నీళ్లను పట్టుకున్న ఉంగరం

ఫిషింగ్ హార్బర్ నీళ్లు పట్టి తెస్తే సీసా కూడా ముక్కు మూసుకుంటుందని నాకు రెండువేల దశకంలో తెలిసింది. అప్పట్లో విశాఖలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పరిశోధన వెలగబెడుతున్నాను. నా యావదాస్తి ఒక చిప్. తుమ్మితే ఒడిశా వెళ్లిపోయేంత చిప్పు. దాని మీద కంటికి ఆనని ఉంగరం. లేజర్ కాంతి అందులో దూరి గానుగెద్దులా తిరుగుతుంది. ఉంగరానికి ఏదైనా అంటుకుంటే ఆ తిరిగే కాంతి రంగు పిసరంత మారుతుంది, కంప్యూటర్లో గీత పైకి లేస్తుంది. మామూలు పరీక్షల్లోలా క్రిమికి రంగులు పూసి ముస్తాబు చేయనక్కర్లేదు, అదీ గొప్ప. చేపల్ని కుళ్లబెట్టే ఒక క్రిమిని పట్టుకునేలా ఉంగరానికి పూత పూశాను. పూత పూసిన చిప్ ఆ ఒక్కటే. ఆవేళ నిధులిచ్చే కమిటీ ముందు అది క్రిమిని పడితే ప్రాజెక్టు నడుస్తుంది. పట్టకపోతే నాకు గాజువాక ట్యుటోరియల్లో కటకాల పాఠమే గతి.

నీళ్లు తెచ్చింది మా టెక్నీషియన్. సముద్రం మీద బతికే ఇంటి మనిషి, నన్ను బావ అనేవాడు. మూత తీశాడు. చేప పేగులు, డీజిలు, కుళ్లిన రొయ్య తలకాయలు కలిసికట్టుగా వచ్చి నా గొంతులో కాపురం పెట్టాయి. గోడ మీది బల్లి ఇల్లు ఖాళీ చేసింది.

“ఏటి బావా ఇది, నీళ్లేనా?” అన్నాను.

“పులుసు. తాలింపొక్కటే తక్కువ. మాకిది అగరొత్తి వాసన, నువ్వేటి అలగైపోతన్నావ్?”

అంతలో కమిటీని వెంటబెట్టుకుని మా హెడ్డుగారు వచ్చారు, చేతిలో పసుపు నీళ్ల గ్లాసు, మామిడాకు. ఆయనకదో నియమం. సీలింగ్ ఫ్యాన్ కొన్నా సరే, పసుపు నీళ్లు చల్లి బొట్టు పెట్టందే పదిమంది ముందు తిరగనివ్వరు.

“సార్, చిప్ మీద మూత లేదండీ!”

“నువ్వూరుకోవయ్యా, శుభమా అని మొదలెడుతుంటే!”

చల్లారు. గోదారి వరదంత చుక్క ఒకటి సూటిగా ఉంగరం మీదే పడింది. గీత సింహాచలం మెట్లెక్కినట్టు లేచింది. కమిటీ చప్పట్లు!

“దొరికేసిందా క్రిమి? ఇంత ఫాస్టా!” అన్నారు కమిటీ పెద్దాయన.

హార్బర్ కంపుకి మూసుకున్న నోరు ఆ చప్పట్లకి తెరుచుకుంది. “హార్బర్ నీళ్లింకా పోయలేదండీ. అది పసుపు,” అన్నాను. హెడ్డుగారు నన్ను వేపుడు ముక్కని చూసినట్టు చూశారు.

“అయితే పొయ్యండి,” అన్నారు పెద్దాయన, ముక్కుకి రుమాలు కట్టి.

పోశాను, నా చొక్కా మీదా కొంత ఒలికింది. పసుపు అప్పటికే పూతంతా పరుచుకుని పీటేసుకు కూర్చుంది. ఇక క్రిమికి చోటేది? గీత కదల్లేదు. కాకులు సైతం దారి మళ్లే ఆ మురుగు సాక్షాత్తూ మినరల్ వాటరని నా యంత్రం తీర్పిచ్చింది. ఒక మెంబరు వరండాలో క్రోటన్ కుండీలోకి టిఫిను మొత్తం అప్పజెప్పారు. మిగతావాళ్లు “చూద్దాం” అంటూ మెట్లు దిగిపోయారు, వాళ్ల వెనకే నా ప్రాజెక్టు.

“కొబ్బరికాయ కూడా కొట్టి ఉండాల్సిందయ్యా,” అన్నారు హెడ్డుగారు.

టెక్నీషియన్ సీసాకి బిరడా పెట్టాడు. “బావా, నీ మిసనుకి ముక్కు నేదు గానీ బొట్టు బాగుంది.”

సాయంత్రం గాజువాక బస్సెక్కాను, ట్యుటోరియల్ వాళ్లని అడగడానికి. జనం ఫుట్‌బోర్డు మీద గబ్బిలాల్లా వేలాడుతున్నారు. నా పక్క సీటు మాత్రం చివరిదాకా ఖాళీ.