ఆ ఏడు మా చేలో కట్టిన మంద

ఒక మాట ఇన్నేళ్ళుగా నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. గుణదల తిరునాళ్ళకు ఏటా వెళ్తాను. ఫాదర్ గారి ముందు మోకరించి నా కోపం గురించి చెప్పాను, పూజ ఎగ్గొట్టిన ఆదివారాల గురించి చెప్పాను. ఇది మాత్రం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను.

డెబ్బైల్లో, యూరియా బస్తా కోసం బెజవాడలో పొద్దుటి నుంచి వరసలో నిలబడిన రోజులవి. మాకూ, మా ఆయన అన్నగారు, మా బావగారికీ కాలవ కింద పక్కపక్కనే చేలు. వేసవిలో కోటయ్య గొర్రెల్ని తోలుకొచ్చి, కోత కోసిన మడిలో మంద కట్టేవాడు. మర్నాడు పక్క మడికి జరిపేవాడు. అవి మోళ్ళ మధ్య గడ్డి మేసేవి, వాటి పెంట ఆ భూమికే దక్కేది. మంద కట్టిన చేనుకు బస్తా ఎరువు అక్కర్లేదని మా అత్తగారి కాలం నుంచీ తెలిసిన సంగతే.

ఆ ఏడు ముందు వంతు బావగారిది, తర్వాత మాది. కానీ వానలు ముందే దిగేట్టున్నాయి. వాళ్ళది అయ్యేసరికి మాకేం మిగుల్తుంది? మబ్బులు చూస్తుంటే కడుపు మండిపోయింది. కోటయ్యకు మజ్జిగ పోస్తూ, “జాగ్రత్త కోటయ్యా, మా బావగారు గట్ల మీద ఎండ్రిన్ కొట్టారంట,” అన్నాను. పురుగుమందు పడిన గడ్డి తిని జీవాలు చచ్చిన సంగతి అతనికి తెలుసు. ఆ సాయంత్రమే మందను మా చేలోకి మళ్ళించాడు.

మా పైరు ఏపుగా, నల్లగా ఎదిగింది. అక్కడితో ఆగితే నేనింత కుమిలేదాన్ని కాదేమో. మందలవాళ్ళు ఆ ఎండ్రిన్ మాట ఒకరికొకరు చెప్పుకున్నారు. తర్వాతి ఏళ్ళలో కూడా బావగారి చేలో మంద దిగలేదు. వాళ్ళ గడ్డి కొనేవాళ్ళూ లేకపోయారు. ఒకరోజు బావగారి భార్య, నా తోటికోడలు ఆరోగ్యం, వచ్చి మా వసారాలో కూలబడింది.

“మీ బావగారు కొట్టలేదని మరియమాత మీద ఒట్టేస్తున్నారే. నమ్మమంటావా?”

చెప్పేయడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను కూడా.

“ఏమో అక్కా, మగాళ్ళు అన్నీ మనకు చెప్తారా?” అన్నాను.

ఎందుకన్నాను? మొదటి అబద్ధం ఆశతో ఆడాను, ఒప్పుకుంటాను. మరి ఇది? పట్టుబడతానన్న భయమా, లేక వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద ఉండటం చూసి ఏనాటి నుంచో నాలో పేరుకున్న కుళ్ళా? ఎన్నిసార్లు అడుక్కున్నా తేలదు.

ఆయన పోయేదాకా ఆమె ఆయన మాట నమ్మలేదు. సమాధుల పండుగకు ఇద్దరం కలిసే వెళ్తాం. ఆమె కొవ్వొత్తి వెలిగిస్తుంది, గాలికి ఆరకుండా నేను చెయ్యి అడ్డం పెడతాను. “మంచోడేనే. ఆ ఒక్క అబద్ధం ఆడకుండా ఉండాల్సింది,” అంటుంది ప్రతిసారీ.

మా బావగారు ఎండ్రిన్ కొట్టలేదు. ఆ మాట పుట్టించింది నేను. ఆరోగ్యానికి చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. కనీసం మీతో అన్నాను.