లోపలికి రావచ్చా అని అడిగిన గొంతు

నా తెలుగుకు నేనే దడుసుకొని, వీధినంతా కర్పూరం పట్టుకొని నిలబడేటట్టు చేసిన కథ ఇది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోండి, నడుమ వీలు కాదు.

కేజీఎఫ్‌లో, బంగారు గనుల కాలనీ ఇంట్లో కూర్చొని బెంగళూరు కంపెనీ ఒకదానికి పని చేసేదాన్ని. బ్రౌజర్‌కు తగిలించుకునే ఆడాన్లు, అంటే ప్రకటనలు ఆపేవి, పేజీ చదివి వినిపించేవి, ఇట్లాంటి చిన్న పనిముట్లు దొరికే వెబ్‌సైటు వాళ్ళది. దాన్ని పునాది నుంచి మళ్ళీ కడతా, తెలుగులోకి తెచ్చే పని నాకిచ్చినారు. మొదట నేను రాసిన 'అనుమతి ప్రదానం', 'నవీకరణ లభ్యం' చూసి, ఇది తెలుగా తామ్రశాసనమా అని మా మేనేజరు అడిగినాడు. రోషం వచ్చింది. సరే, మా వీధి మాటే రాస్తానని కూర్చున్నాను. ఆడాను మనిషి మాదిరి పలకల్ల. కొత్త రూపం వస్తే 'నేను మళ్ళీ వచ్చినాను' అనల్ల. అనుమతి కావాలంటే 'లోపలికి రావచ్చా' అని అడగల్ల. రాసుకొని నా భుజం నేనే తట్టుకున్నాను.

పరీక్షకు పక్కింటి నాగరత్నమ్మత్త దొరికింది. చూపు తగ్గినామె. ఆమె కంప్యూటర్లో చదివి వినిపించే ఆడాను పెట్టి, కొత్త సైటు తెరిచి వదిలినాను. ఆమె భర్త మునస్వామి మామ గనిలో దిగి దిగి, ఆ దుమ్ము తెచ్చిన దగ్గుతోనే పోయి అప్పటికి ఏడాది కాలేదు.

ఒక మధ్యాన్నం అత్త చెల్లెల్ని చూసేదానికి బేతమంగళ పోతా, తాళంచెవి నా చేతికిచ్చి వాకిట్లో మల్లెచెట్టుకు నీళ్ళు పొయ్యమనింది. పొద్దున్నుంచి కరెంటు లేదు. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీద గాలి లేచి తెల్లదుమ్ము వీధిని కప్పేసింది. ఎదురిల్లు మాయమైంది. కుక్క గూడా మొరగలేదు. నేను చెంబు ఎత్తినాను. తాళం వేసిన ఇంట్లో నుంచి, గొంతుకు మట్టి అడ్డం పడినట్టు, ఒక మగగొంతు నిదానంగా పలికింది.

"నేను మళ్ళీ వచ్చినాను. లోపలికి రావచ్చా?"

లోపలుండేవాడు లోపలికి రావచ్చా అంటే, ఇంగ యాడికి రావల్ల? నా లోపలికేనా? చెంబు యాడ పడిందో తెలీదు. ఎదురింటి సెల్వం అన్న దగ్గరికి పరుగెత్తినాను. మామతో కలిసి పాతాళం లోతు దిగి వచ్చినోడు, దేనికీ జడిసే మనిషి కాదు. వచ్చి కిటికీ ఊచ పట్టుకొని, లోపల ఎవరని అడిగినాడు.

"మీరు సరే అంటే మీరు పోయే చోటికంతా వస్తాను," అనింది గొంతు. "మీరు చూసేదంతా నేనూ చూస్తాను."

సెల్వం అన్న చెప్పులు విడిచినాడు. "మునస్వామే," అన్నాడు మెల్లగా. "గని షాఫ్టు కింద గూడా నన్నొదిలి పోనని చెప్పేవాడు."

ఇంగ చూడండి. నిమ్మకాయలొచ్చినాయి, కర్పూరమొచ్చింది, వీధి మొత్తం వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, నేను పక్కింట ఓడి రచ్చకెక్కినాను. అత్తకు ఫోన్ చేసి, విన్నదంతా చెప్పినాను. ఆమె బస్సెక్కింది. అంతసేపూ ఆ గొంతు ఆగి ఆగి అదే అడుగుతా ఉండాది. అడిగినప్పుడల్లా వీధి ఇంకో కర్పూరం ముట్టిస్తా ఉండాది.

అత్త దిగింది. ఎవరి మొహమూ చూడకుండా నా చేతిలో తాళంచెవి తీసుకొని తలుపు తెరిచింది. లోపల చీకటి. కంప్యూటర్ వెలుగు ఒక్కటే గోడకున్న మామ హెల్మెట్ మీద పడతా ఉండాది. ఆ తెర మీద, ఇంతింత అక్షరాల్లో, ఆడాను అనుమతి అడిగేదానికి నేను రాసిన తెలుగు. కరెంటొచ్చి కంప్యూటర్ తనకు తానే లేచిందని, తెరిచి వదిలిన సైటును చదివే ఆడాను పైకి చదవతా ఉండాదని అప్పుడు తెలిసింది నాకు. తాను తవ్విన షాఫ్టులో తానే పడడమంటే ఇదే.

నవ్వు రాలేదు. దారి పొడుగునా ఆమె ఏ ఆశ పెట్టుకొని వచ్చిందో. "అత్తా, మామ కాదు," అన్నాను. "అది నేను రాసిన మాట."

అత్త హెల్మెట్ మీద దుమ్మును కొంగుతో తుడిచింది. "నువ్వు ఫోన్లో చెప్పినప్పుడే తెలుసమ్మా. కాపరం చేసినన్నాళ్ళూ మీ మామ ఒక్కనాడన్నా అడిగి లోపలికి వచ్చినాడా? మట్టికాళ్ళతో నేరుగా వంటింట్లోకే."

సెల్వం అన్న చెప్పులు తొడుక్కున్నాడు.

అందుచేత పంచభూతాల సాక్షిగా, కీబోర్డు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తా ఉండాను: నేను బతికుండేవరకు నా తెలుగులో ఏ ఆడానూ 'నేను' అనదు. అవసరమైతే తామ్రశాసనమే రాస్తాను.