కప్పకూ గద్దకూ పోలిక చెప్పిన రోజు

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో నేను మార్కాపురం దగ్గరి ఒక ఎలిమెంటరీ బడిలో పంతులుగా పనిచేశాను. ఒకసారి ఇనస్పెక్టరు గారు వస్తున్నట్టు కబురొచ్చింది. కప్పనూ గద్దనూ పోల్చి పాఠం చెప్పాలట. బొమ్మలు పనికిరావు, ప్రాణమున్నవే చూపించాలట.

కప్పను పలకల గనిలో నిలిచిన నీళ్ల దగ్గర నేనే పట్టాను. గద్ద కోసం, నల్లమల నుంచి తేనె తెచ్చి అమ్మే చెంచు పెద్దాయనను బతిమాలాను. రెక్క దెబ్బతిన్న గద్దనొకదాన్ని ఆయన గంపలో పెట్టుకొచ్చాడు. దాని కాలికి తాడు కట్టి బల్లకు ముడివేశాం. కప్పను బల్ల మీద మూకుడు కింద పెట్టాను.

ఇనస్పెక్టరు గారు తలపాగాతో వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. నేను మొదలుపెట్టాను. "రెండూ గుడ్లు పెడతాయి. గద్ద పిల్లకు పుట్టగానే ముక్కూ కాళ్లూ ఉంటాయి. కప్ప పిల్ల చేపలాగా తోకతో పుట్టి, తర్వాత కాళ్లొచ్చి గట్టెక్కుతుంది. అందుకే అది ఉభయచరం."

"ఆగండి మాస్టారూ. కప్ప జలచరం. నేల మీద బతుకుతుందని మీకెవరు చెప్పారు?"

"చిత్తమండి," అన్నాను. ఆ మాట నా నోట అంత చురుగ్గా ఎలా వచ్చిందో! బోర్డు మీద 'ఉభయచరం' చెరిపి 'జలచరం' అని రాశాను.

గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దాయన ఊరుకోలేదు. "ఏంది సామీ, ఎండాకాలం మా గుడిసె కాడ రాళ్ల కింద ఉండేది కప్ప కాదా?"

"అడవిలో ఉండేవాడికి శాస్త్రం ఏం తెలుస్తుంది?" అని ఇనస్పెక్టరు గారు నవ్వి, కప్పను దగ్గరగా చూద్దామని మూకుడు ఎత్తారు. ఆయన చెప్పిన జలచరం ఒక్క గెంతుతో ఆయన ఒళ్లో పడింది. ఆయన కెవ్వుమని లేచారు. కప్ప నేల మీద పడింది. గద్ద దాన్ని కాలితో అదిమిపట్టి, శాస్త్రం ఏమీ అడగకుండా ముక్కుతో చీల్చి తినేసింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఇనస్పెక్టరు గారు కుర్చీ మీదికెక్కి నిలబడ్డారు.

"దిగు సామీ. దానికి కడుపు నిండినాది. నిన్నేం చెయ్యదు," అని పెద్దాయన గద్దను గంపలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా రిపోర్టు వచ్చింది. పోలిక అసంపూర్ణమట. పాఠానికి తెచ్చిన వస్తువుల్లో ఒకటి మధ్యలో మాయమైందట. పంతులుకు తరగతి మీద అదుపు లేదట. నన్ను సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాద్దామని రెండుసార్లు కలం సిరాలో ముంచాను. చివరికి 'క్షమించవలెను' అని రాశాను. అక్షరాలు మాత్రం గుండ్రంగా, ముచ్చటగా కుదిరాయి.