ఎన్ని బస్తాలు చూశారు, బాబాయిగారూ?

ఈ నాలుగు ముక్కలు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పది రోజుల కింద, ఆదివారం పొద్దున, కోదాడలో మా కౌన్సెలర్ మేడమ్ పోయారు. గుండెపోటు. అరవై కూడా నిండలేదు. పేరు మోసిన మనిషేమీ కాదు. సూర్యాపేటలో ఒక దవాఖానలో, మందులిచ్చే కిటికీ పక్కనున్న చిన్న గదిలో కూర్చుని జనం మాటలు వినేవారు. ఐదో తరగతి దాటని ధాన్యం మనిషి ఆమె గురించి రాస్తే ఎవరు చదువుతారు అనిపించింది. అనిపించగానే ఆమె గొంతే వినిపించింది: "ఎవరూ చదవరని ఎంతమందిని అడిగి తెలుసుకున్నారు బాబాయిగారూ?" ఎవరినీ అడగలేదు. అందుకని రాస్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆమె సంగతి అర్థం కాదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా ధాన్యం చూసే పని నాది. లారీ వస్తే బస్తాల్లోకి మొనతేలిన ఇనుప గొట్టం పొడిచి, జారిన గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి కొరికి, తేమ ఎంతో తాలు ఎంతో చెప్పేవాణ్ణి. ఇప్పుడు తేమకు మిషన్లు వచ్చాయి. మిషన్ చెప్పిన మాటను కూడా మా సావుకారి నా పళ్లతో సరిచూసుకునేవాడు. ఆ పళ్లలో ఇప్పుడు మిగిలినవి నాలుగే, అది వేరే కథ.

ఒక వానాకాలం పంటప్పుడు నేను బాగుందన్న లోడు లోపల పచ్చిగా ఉండి, గోదాములో వేడెక్కి రంగు మారింది. సావుకారి ఒక్క మాట అనలేదు. అదే నన్ను తినేసింది. చూపు పోయింది, చెయ్యి పోయింది, హమాలీలంతా నవ్వుకుంటున్నారు అనుకుని ఇంట్లో కూర్చున్నాను. రెండు నెలలు. ఛాతీ బిగుసుకుంటే గుండెజబ్బనుకున్నాను. ఈసీజీ తీసి బాగుందన్నారు, నమ్మలేదు. అసలు భయం వేరే ఉంది. వేములపల్లిలో మా నాయన ఒకరోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తరువాత ఆరేళ్లు బతికాడు గానీ మావైపు తిరగలేదు. ఆ మంచం మీద తరువాతి వంతు నాదేనని నా మనసులో ఎప్పుడో తీర్మానమైపోయింది. ఒక మధ్యాహ్నం మా ఇంటామె "ఏందయ్యా, నువ్వు గూడ గోడ దిక్కు తిరిగినవ్?" అన్నది. ఆ మాటకే లేచి సూర్యాపేట బస్సెక్కాను.

అక్కడి డాక్టరు అంతా విని, "ఇది గుండెజబ్బు కాదు, దిగులు. ఇంకా ముదరలేదు. ముందు ఆ మేడమ్‌తో మాట్లాడు" అని పక్క గది చూపించాడు.

"నా పని ఖతమైంది మేడం. ఒక లోడు తప్పు సెప్పిన" అన్నాను.

"ఒకటేనా?"

"ఒకటి సాలదా?"

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచారు. మాట అడగబోయే ముందు అద్దాలు తుడవడం ఆమె అలవాటు. "మీరు లారీని ఎలా చూస్తారో చెప్పండి. ఒక్క బస్తా పొడిచి, పచ్చిగా ఉందని లారీ మొత్తం తిప్పి పంపేస్తారా?"

"అట్లెట్ల పంపుత మేడం! ముందు, ఎనక, నడుమ, అడుగున, ఇరవై బస్తాలన్న సూడాలె. ఒక్క బస్తా సూసి సెప్పెటోడు గూడ ఓ మనిషేనా!"

"మరి మీ ముప్పై ఏళ్ల లారీలో ఎన్ని బస్తాలు చూశారు, బాబాయిగారూ?"

ఊరందరి ధాన్యానికి ఇరవై చోట్ల గొట్టం పొడిచినవాణ్ణి, నా బతుకును ఒక్క గుప్పెడుతో తేల్చేశాను.

ఈ "బాబాయిగారూ" ఒకటి. సరిహద్దు కోదాడ మాట కదా, సగం తెలంగాణ, సగం ఆంధ్ర. మా దగ్గర కాక అంటారు, తాత అంటారు. మొదట ఆమె నన్ను వెక్కిరిస్తున్నారనుకున్నాను. ఆ అనుమానాన్ని కూడా నా చేతనే ఒక నోటుపుస్తకంలో రాయించారు. ఆ పుస్తకంలో గీతలు గీసి ఇచ్చేవారు: ఏం జరిగింది, నేనేమనుకున్నాను, దాన్ని నూటికి ఎంత నమ్మాను, అటువైపు రుజువేమిటి, ఇటువైపు రుజువేమిటి. రాయడం మాత్రం పెన్సిల్‌తోనే. "ఆలోచన తీర్పు కాదండీ, అంచనా. అంచనాని పెన్నుతో రాయరు" అనేవారు. ధైర్యంగా ఉండండి అని ఆమె నోట ఏనాడూ వినలేదు. "పచ్చి ధాన్యాన్ని ఎండు ధాన్యం అనుకోమనట్లేదు. సరిగ్గా చూడమంటున్నా" అనేవారు. మందులు అవసరమైనవాళ్లను తానే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవారు.

మొదటి వారం నాకిచ్చిన పని మిల్లు గేటు దాకా పోయి రావడం. "హమాలీలు నవ్వుతారు, నూటికి తొంభై" అని రాసుకుని పోయాను. ఒకడు నిజంగానే నవ్వాడు. "ఏం తాతా, రెండు నెలలు అత్తగారింట్ల పన్నవా? నువ్వు లేక ఆ మిషన్‌తోని సస్తున్నం, రా!" ఇంటికొచ్చి తొంభై చెరిపి ఇరవై రాశాను. పెన్సిల్ ఎందుకో అప్పుడు తెలిసింది.

ఏడాది తరువాత, ప్రతి గురువారం తానే మిర్యాలగూడ వస్తానన్నారు. "పడ్డాక లేపడం ఎలాగూ ఉంటుంది. తూలేటప్పుడే చెయ్యి అందిస్తే చాలామంది పడకుండానే ఆగుతారు" అన్నారు. సావుకారి గోదాము పక్కన ఒక గది ఇచ్చాడు. తాళంచెవి నాకు అప్పజెప్పారు. ఊరికే గుండె దడదడలాడేవాళ్లు, పొలానికి పోబుద్ధి కానివాళ్లు వచ్చేవారు. ఒక గురువారం బస్సు గంట ఆలస్యమైంది. యాక్సిడెంటే అని తేల్చుకుని పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఆమె జామకాయ కొరుక్కుంటూ దిగారు. "పదకొండు మిస్డ్ కాల్సా! తీయండి పుస్తకం" అన్నారు.

ఆ రోజు గుర్తుండబట్టే, ఆదివారం వేములపల్లి రైతు ఒకతను, మా గురువారం గదికి వచ్చేవాడు, ఫోన్ చేసి "కాకా, మేడం ఇగ లేరంట" అంటే, "ఎవలు సెప్పిన్రు? నువ్వు సూసినవా?" అని గద్దించాను. అదే తప్పు రెండోసారి చేయదలచుకోలేదు. రుజువు కోసం కోదాడ బస్సెక్కాను. రుజువు ఉంది. వాళ్లింట్లో ఆమె కళ్లద్దాలు కిటికీ గూట్లో ఉన్నాయి. ఎవరో తుడిచి పెట్టారు.

తిరిగొచ్చాక మూడు రోజులు మంచం దిగబుద్ధి కాలేదు. బుధవారం మా ఇంటామె గోడ మాట ఎత్తలేదు. పుస్తకం, పెన్సిల్ తెచ్చి నా దిండు పక్కన పెట్టి వంటింట్లోకి పోయింది. "రేపు ఎవరూ రారు, నూటికి తొంభై ఐదు" అని రాశాను. పక్కన రుజువు గడి ఖాళీగా ఉంది. పోయి చూడకుండా దాన్ని నింపడం కుదరదు.

గురువారం నాలుగింటికి వెళ్లి తాళం తీశాను. కుర్చీలు వేశాను. వేములపల్లి రైతుతో కలిపి నలుగురు వచ్చారు. కాసేపటికి ఎన్నడూ చూడని ఒకామె గుమ్మంలో నిలబడి, "గీడ బీపీ సూస్తరా?" అని అడిగింది.

"సూడం. అయినా కూసో అమ్మా" అన్నాను.

కూర్చుంది. ఆమెకొక పెన్సిల్ చెక్కి ఇచ్చాను.