కోసిన వేళ

ఇరవై ఏడేళ్ళుగా ప్రతి సోమవారం ఉదయం ఏడింటికి డాక్టర్ ఇజ్లాల్ ఈజిప్టులోని మన్సూరా ఊరి కబేళాకు వెళ్తోంది. చేతిలో ఫ్లాస్కు, అందులో గోరువెచ్చని ఉప్పునీళ్ళు. కసాయి గలాల్ గేదెల అండాశయాలను అందులో వేసిస్తాడు. వేడి తగ్గకముందే వాటిని విశ్వవిద్యాలయంలో తన బల్ల దగ్గరికి చేర్చాలి. సూదితో అండాలు లాగి, మర్నాటికి వందలో ఎన్ని పండాయో, అంటే ఫలదీకరణకు సిద్ధమయ్యాయో చూడాలి. చలికాలంలో డెబ్బై పండేవి, ఎండాకాలంలో నలభై. ఎండకు గేదె అండం కడుపులోనే చెడిపోతుందని ఆమె తేల్చింది. ప్రొఫెసర్ అయిందీ, నడుం వంగిందీ ఆ ఒక్క మాట మీదే.

ఇంకో మూడు నెలల్లో రిటైర్మెంటు. జూన్‌లో ఒక సోమవారం కబేళా మెట్ల మీద కూలబడి ఊపిరి తీసుకుంటుంటే గలాల్ పుదీనా టీ తెచ్చిచ్చాడు. నువ్వూ అలిసిపోయావే అందామె.

"ఎండాకాలం కదా డాక్టరమ్మా. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే కత్తి పట్టాలి, ఎండెక్కితే మాంసం ఆగదు. మీవి తీసి బకెట్లో నీళ్ళు పోసి ఉంచుతాగా, మీరొచ్చేదాకా."

"మరి చలికాలంలో?"

"చలిలో తొందరేముంది? మీరొచ్చాకే మొదలెడతా."

ఇజ్లాల్ టీ గ్లాసు కింద పెట్టేసింది.

ఇంటికెళ్ళి పాత నోటు పుస్తకాలన్నీ తిరగేసింది. తేదీ, గేదె వయసు, నీళ్ళ వేడి, తాను చేరిన సమయం, అన్నీ ఉన్నాయి. ఎప్పుడు కోశారన్నది ఒక్క పుస్తకంలోనూ లేదు. వేసవి అండాలు రెండున్నర గంటలు బకెట్లో పడున్నాయి. చెడగొట్టింది ఎండా, బకెట్టా?

పక్క బల్ల వఫీక్ ఆమెతోపాటే చదువుకున్నవాడు. విషయమంతా విని, ఇక వదిలెయ్యమన్నాడు. "పోయే ముందు సొంత ఇల్లు కూల్చుకుంటావా, ముసలీ? గేదెలు వచ్చి కేసు పెడతాయా?"

"నా మాట నమ్మి రైతులు వేసవిలో ఎదకొచ్చిన గేదెల్ని దాటించడం మానేశారు, వఫీక్. ఎన్ని ఈతలు పోయాయో."

అతను ఆ తర్వాత వేళాకోళం ఆడలేదు.

ఎనిమిది సోమవారాలు ఇజ్లాల్ చీకటుండగానే లేచింది. మోకాళ్ళు మెట్టు మెట్టుకూ మూలిగాయి. గలాల్ నమాజు ముగించి వచ్చేసరికి ఫ్లాస్కుతో గేటు దగ్గరే ఉండేది. కోసిన వెంటనే తీసుకెళ్ళింది. వందకు అరవై ఒకటి పండాయి. అంటే చలికాలం కంటే తగ్గిన ముప్పైలో ఎండ తిన్నవి తొమ్మిదే. మిగతా ఇరవై ఒకటీ తన ఖాతాలోవి.

ఈ సంగతి చెబితే గలాల్ ముఖం వాడిపోయింది.

"పాడవకూడదనే నీళ్ళలో వేశాను డాక్టరమ్మా. తప్పు చేశానా?"

"నువ్వు కాదు గలాల్. అడగాల్సింది నేను. ఇన్నేళ్ళూ టీ తాగి వెళ్ళిపోయాను."

ఆ వారమే తన పరిశోధన అచ్చయిన పత్రికకు సవరణ రాసి పంపింది. వఫీక్ దాన్ని రెండుసార్లు చదివి, ఒక అక్షరదోషం దిద్ది వెనక్కిచ్చాడు.

ఆదివారం సాయంత్రం ఇజ్లాల్ కొత్త పుస్తకం తెరిచి, పేజీ మీద స్కేలు పెట్టి ఎప్పుడూ లేని నిలువు గడి ఒకటి గీసింది. పైన "కోసిన వేళ" అని రాసింది. ఆ గడి నింపడానికి ఆమెకు మిగిలినవి ఇంక మూడు సోమవారాలు.