బాలస్వామి మేపిన కొర్రమీను

కొల్లేటి లంకలో బాలస్వామికి గిట్టనివాడు ఒక్కడే అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆయనకు ఎవరూ గిట్టరు. కాకపోతే ఆ వరసలో అందరికంటే ముందున్నవాడు తోడల్లుడు అబ్బులు.

తగువంతా ఒక దడి గురించి. నీటికి అడ్డంగా వెదురు తడికలు నిలబెట్టి చేపలు పట్టే చోటు అది. బాలస్వామి తండ్రి బతికినన్నాళ్లూ అక్కడే పట్టాడు, తర్వాత బాలస్వామి. అది పోతే ఇంట్లో పొయ్యి రాజదు. పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో అబ్బులు దాని మీద కన్నేశాడు. ఆ నీళ్ల మీద పెత్తనం ఏలూరు బంగార్రాజు గారిది, తగువు ఆయన దగ్గరికే వెళ్లింది.

రాజుగారు పెరట్లో పెద్ద సిమెంటు తొట్టి కట్టించి, కలకత్తా నుంచి రైల్లో ఆరు ఎర్రచేపలు తెప్పించారు. అంతటితో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. అందులో మూరెడు కొర్రమీను కూడా తిరగాలట, చూసినవాళ్లు నోరెళ్లబెట్టాలట. ఎవడి మాట ప్రకారం చేపలు కలిసి బతికితే దడి వాడిదే అన్నారు.

బాలస్వామి కొర్రమీనును పట్టి తెచ్చాడు. ఏలూరు బయల్దేరే రోజు పొద్దున తన చేత్తోనే దానికి ఎనిమిది కప్పలు మేపాడు. రాజుగారి ముందు నీరసంగా తేలితే పరువేం కాను?

తొట్టి దగ్గర ఉన్నమాట చెప్పేశాడు. "రాజుగారండీ, ఇది నోట్లో పట్టేదాన్నల్లా మింగుద్దండి. ఎర్రచేపలొద్దండి. దీనంతేసి మార్పు చేపలు, జెల్లలు వేయించండి. వాటికి ముళ్లుంటాయి కాబట్టి జోలికెళ్లదండి. దాక్కోడానికి నాలుగు పగిలిన కుండలు పడేయించండి."

రాజుగారు మొహం చిట్లించారు. "జెల్లల్ని చూడ్డానికి జనం నా ఇంటికొస్తార్రా?"

అబ్బులు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "మా అన్నకి కోపమెక్కువండి, ఆలోచన తక్కువ. కొర్రమీను పిల్లలు ఎర్రగా ఉంటాయి కదండీ. ఆ రంగున్నన్నాళ్లూ అది వాటిని కాపలా కాస్తాదండి. మేము కూడా పిల్లలతో ఉన్నదాన్ని పట్టం. ఈ ఎర్రచేపల్ని చూస్తే సొంత పిల్లలే అనుకుంటాదండి."

"ఏడిశావులే! దాని పిల్లలు గోరంత, ఇవి అరచెయ్యంత. దానికి కళ్లు లేవనుకున్నావా?" అని కసిరాడు బాలస్వామి.

అబ్బులు మాటే రాజుగారికి తియ్యగా వినపడింది. మూడు రోజులు చూద్దామన్నారు.

కొర్రమీను తొట్టి అడుగున మొద్దులా పడుకుంది. ఎర్రచేపలు దాని నెత్తి మీదే తిరిగాయి. బాలస్వామి గట్టున కూర్చుని "తినవే దిక్కుమాలినదానా, నోరు పడిపోయిందా!" అని మూడు రోజులూ పళ్లు నూరాడు. వంటవాళ్లు నవ్వారు. మూడోనాటి సాయంత్రం రాజుగారు నలుగురినీ పిలిచి, దడి అబ్బులిదన్నారు.

"తడికలు పీకమాకన్నా, నాకు పనికొస్తాయి" అన్నాడు అబ్బులు, పళ్లన్నీ బయటపెట్టి. 

నాలుగోనాడు పొద్దున్నే బాలస్వామి చేప తెచ్చిన తన కుండ కోసం పెరట్లోకి వెళ్లాడు. తొట్టిలో ఒక్క ఎర్రచేప లేదు. కొర్రమీను పైకొచ్చి ఇంకా ఏమైనా పెడతావా అన్నట్టు చూసింది. బాలస్వామి ఎగిరి గంతేసి, వీధరుగు మీదున్న రాజుగారి దగ్గరికి పరిగెత్తాడు.

"చూడండయ్యా! నేను ముందే చెప్పలేదాండీ? దడి నాదేనండీ!"

"చేపలు పోయాయి. నలుగురిలో ఇచ్చిన మాట కూడా పోగొట్టుకోమంటావా? దడి అబ్బులిదే. ఆ దరిద్రాన్ని తీసుకుని నా కంటికి కనపడకుండా ఫో."

కొర్రమీనును కుండలో వేసుకుని ఇంటికొచ్చాడు. రాజుగారిని తిట్టాడు, అబ్బులును తిట్టాడు, అబ్బులుకు పిల్లనిచ్చిన మామగారినీ తిట్టాడు. ఆయన తనకూ మామగారే. భార్య సూరమ్మ అంతా విని, కుండలోకి తొంగిచూసింది.

"ఇంత తిండిపోతు మూడు రోజులెందుకు ఊరుకుందయ్యా? తీసుకెళ్లేముందు ఏమన్నా పెట్టావా?"

బాలస్వామి తిట్టు సగంలో ఆగిపోయింది.

"కప్పలు."

"ఎన్ని?"

ఆయన కుండ మీద మూత పెట్టబోయాడు. సూరమ్మ మళ్లీ అడిగింది.

"ఎనిమిది" అన్నాడు బాలస్వామి. మళ్లీ అబ్బులును తిడదామని నోరు తెరిచి, తన్ను తానే తిట్టుకున్నాడు.